ఏడు అని చెప్పింది నేనే

పేరు మీరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. ఫ్యాక్టరీలో అందరూ డేగక్క అనేవాళ్ళు. ఇప్పటికీ ఆ పేరుతో పిలిస్తేనే వెనక్కి తిరిగి చూస్తాను. వయసు అరవై మూడు. మందుల ఫ్యాక్టరీలో మాత్రలు ఏరే పని ఇరవై ఏడేళ్ళు చేసి రిటైరయ్యాను. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. ఒక్కదాన్నే ఉంటాను. ఈ వాంగ్మూలం ఇమ్మని నన్నెవరూ పిలవలేదు. ఈ రోజు సోమవారం ఉదయం పదీ పదికి నా అంతట నేనే స్టేషన్‌కి వచ్చాను. పదకొండున్నర దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. అది కూడా రాయండి. రైటర్ గారు నవ్వుతున్నారు, నవ్వితే నవ్వారు గానీ రాయండి.

మాత్రలు ఏరడమేంటని అడిగారు. మిషన్లోంచి వచ్చిన మాత్రలు వెలుతురు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. పెచ్చు ఊడినవి, మచ్చ పడ్డవి, అంచు విరిగినవి చేత్తో ఏరి పక్క డబ్బాలో వెయ్యాలి. అనుమానం వస్తే కుడికాలితో పెడల్ తొక్కి బెల్టు ఆపాలి. షిఫ్టుకి రెండు వందల సార్లయినా తొక్కేదాన్ని. తలనొప్పివి, ఒళ్ళునొప్పులవి, కీళ్ళనొప్పులవి, ఇరవై ఏడేళ్ళూ నా చేతుల మీదుగా వెళ్ళినవన్నీ నొప్పి మాత్రలే. ఊళ్ళోవాళ్ళ నొప్పుల కోసం కూర్చుని కూర్చుని నా కుడి మోకాలు పోగొట్టుకున్నాను. నేను చూసి వదిలిన డబ్బాని సూపర్‌వైజర్ మళ్ళీ చూసేవాడు కాదు. నా కన్ను మీద నాకు అంత పొగరు ఉండేది. ఆ పొగరే ఇందులో సగం నేరం.

ఫిబ్రవరి నెలాఖరులో మోకాలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ ఫోటో తీయించి, అరిగిపోయిందన్నారు. నొప్పికి కొత్త మందు ఒకటి పరీక్షలో ఉంది, చేరతారా అని అడిగారు. ముందు గాజు గిన్నెల్లో పరీక్షించారట, తర్వాత జంతువుల మీద, తర్వాత ఏ జబ్బూ లేని కొద్దిమంది మీద. ఇప్పుడు నొప్పి ఉన్నవాళ్ళ వంతు. సగం మందికి మందు ఉన్న మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో నాకు తెలియదు, ఇచ్చే నర్సుకి తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. ఆ జాబితా వేరే చోట సీలు వేసి ఉంటుంది. నేను ఒకటే అడిగాను, నర్సు ఇంటికొస్తుందా అని. వారానికోసారి వస్తుందన్నారు. సంతకం పెట్టేశాను. పన్నెండు పేజీల కాగితం, ఒక్క పేజీ కూడా చదవలేదు. డాక్టరమ్మ చదివి వినిపించిన వాటిలో ఒక్క షరతు మాత్రం చెవిన పడింది. నొప్పి వరసగా మూడు వారాలు నాలుగు కంటే తక్కువ చెబితే నర్సు రావడం ఆగిపోతుంది. ఆ తర్వాత నెలకోసారి ఫోన్ చేస్తారు, అంతే.

మార్చి రెండో గురువారం పదకొండు గంటలకి సిస్టర్ మొదటిసారి వచ్చింది. ముప్ఫై, ముప్ఫై రెండేళ్ళుంటాయి. భుజాన పెద్ద సంచి. మూడు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. గుమ్మంలోనే పెద్దమ్మా అంది. నన్ను ఎవరైనా వరస పెట్టి పిలిచి చాలా ఏళ్ళయింది. ఒక అట్ట చూపించింది, దాని మీద గీత, సున్నా నుంచి పది దాకా అంకెలు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఇక భరించలేను అని. ఈ వారంలో నొప్పి ఎంత అని అడిగింది. ఆ మాటలే అడగాలి, ఇంకో మాట కలపకూడదు, రోగి ఏ అంకె చెబితే అదే రాయాలి, అది వాళ్ళ నియమం. ఏడు అన్నాను. నిజమే, ఏడే. తర్వాత మోకాలు ఎంత వంగుతుందో కొలిచింది. కుర్చీలోంచి అయిదుసార్లు లేపింది. కిటికీ నుంచి తలుపు దాకా నడిపించి, వెనక్కి రప్పించి, గడియారం చూసి రాసుకుంది. ఇరవై తొమ్మిది సెకన్లు. ఆ పరీక్షలన్నీ అయ్యేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ప్రతి గురువారం అంతే పట్టేది. ఇది స్పష్టంగా రాయండి, కేసంతా ఇక్కడే ఉంది.

ఆ రోజే సిస్టర్‌ని అడిగాను, కోట్ల మాత్రలు ఏరాను గానీ అవి లోపలికెళ్ళి ఏం చేస్తాయో నాకెవరూ చెప్పలేదు, నువ్వు చెప్పమ్మా అని. అట్ట తిరగేసి బొమ్మ గీసింది. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, అరిగినా, అక్కడ ఒక పదార్థం తయారవుతుందట. పేరు చెప్పింది, ప్రోస్టాగ్లాండిన్. రెండు రోజులు నోట్లో తిప్పుకున్నాకగానీ నాలుక తిరగలేదు. అది నరాన్ని రెచ్చగొడుతుంది, చిన్న నొప్పిని పెద్దగా చెప్పిస్తుంది. దాన్ని తయారు చెయ్యడానికి ఒంట్లో ఒక ఎంజైము ఉంటుంది. చాలా నొప్పి మాత్రలు వెళ్ళి ఆ ఎంజైము పని చేసే చోట అడ్డంగా కూర్చుంటాయి, ఇక ఆ పదార్థం తయారవదు. మాత్రకి మోకాలు ఎక్కడుందో తెలియదు పెద్దమ్మా, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది అంది. పొట్ట లోపలి పొరని కాపాడేది కూడా ఆ పదార్థమేనట, అందుకే ఖాళీ కడుపున ఇలాంటివి వేసుకోకూడదంటారు. మరి జ్వరానికీ తలనొప్పికీ వేసుకునే మామూలు తెల్ల మాత్ర అన్నాను. అది ఎక్కువగా మెదడులో, వెన్నులో పని చేస్తుందనుకుంటున్నారు గానీ ఎలా చేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదంది. ఇంతమంది మింగుతున్నారు, ఇంకా తేలకపోవడమేంటని ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గదిలో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

గురువారం ఉదయం ఆమె తిరిగే ఇళ్ళల్లో మాది ఆఖరు. పదకొండున్నరకి పని అయిపోయేది, పన్నెండున్నర దాకా ఆమె భోజనం వేళ. ఎక్కడికో వెళ్ళి మెట్ల మీద కూర్చుని తినడమెందుకు, ఇక్కడే తినమన్నాను. మందు కంపెనీ సమయం ఒక్క నిమిషం కూడా ఆమె వాడుకోలేదు. తన డబ్బా తను తెచ్చుకునేది, నా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పొద్దున్నుంచి అయిదు ఇళ్ళ మెట్లు ఎక్కి దిగేది కదా, మడమలు వాచేవి. వేడినీళ్ళ బకెట్ పెట్టేదాన్ని. ఒకసారి ఆ అట్ట తీసుకుని నేనే అడిగాను, నీ నొప్పి ఎంతమ్మా అని. ఎనిమిది అంది. నీకు ఎనిమిది, నాకు ఏడు, మరి నర్సువి నువ్వెలా అయ్యావని ఆటపట్టించాను. పదో గురువారం తింటూ తింటూ కుర్చీలోనే నిద్రపోయింది. పదిహేను నిమిషాలు నేను గిన్నె కూడా కదపలేదు. ఎక్కడ చప్పుడై లేస్తుందో, లేస్తే ఎక్కడ వెళ్ళిపోతుందో అని.

ఇక నా తప్పు చెప్తాను. మూడో గురువారం ఉదయం ఎనిమిదింటికి, సిస్టర్ వారం వారం ఇచ్చే డబ్బాలోంచి ఆ రోజు మాత్ర తీస్తుంటే చేతిలో విరిగింది. విరిగిన మాత్ర కనపడితే లోపల చూడకుండా ఉండలేను, అలవాటు. మా ఫ్యాక్టరీలో కీళ్ళనొప్పుల మాత్రకి లోపల లేత పసుపు ఉండేది, నాలుకకి తగిలితే చేదు. ఇది లోపల తెల్లగా ఉంది. నాలుక మీద పెట్టాను, చప్పగా ఉంది. నాకు అర్థమైపోయింది, నాకు వచ్చింది ఉత్తుత్తి మాత్ర అని. డేగక్క కన్ను కదా, తప్పెలా పడుతుంది.

అయితే అప్పటికే నా నొప్పి తగ్గింది. ఆ వారం ఆరు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉత్త పిండి ముక్క మింగితే తగ్గిందంటే నా నొప్పి దొంగ నొప్పి అనుకోరూ? ఇన్నేళ్ళు పెడల్ తొక్కి తెచ్చుకున్న నొప్పి అది. సిస్టర్ అడిగితే ఏడు అన్నాను. తర్వాత అయిదు వచ్చింది, మళ్ళీ అయిదు, ఆ తర్వాత నాలుగు. నేను ఏడే అన్నాను. అప్పటిదాకా సిగ్గుతో చెప్పినవి. ఏడో వారం నొప్పి మూడుకి దిగింది. అప్పట్నుంచి సిగ్గుతో కాదు. నాలుగు కంటే తక్కువ చెబితే ఆ పిల్ల రాదు. అందుకని ఏడు అన్నాను. ఇంకే కారణమూ లేదు. నాకు గురువారం తప్ప వారంలో ఇంకో రోజు లేదు. బుధవారం సాయంత్రమే కుర్చీ తుడిచి పెట్టుకునేదాన్ని.

ఇంకో మాట. ఫ్యాక్టరీలో ఏరిన లెక్క తప్పు రాస్తే డబ్బా మొత్తం పారెయ్యాలి. ఆ భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అసలు అంకె ఎక్కడో ఒకచోట ఉండకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని సిస్టర్ వెళ్ళాక వంటింట్లో క్యాలెండర్ మీద, ఆ గురువారం గడిలో, పెన్సిల్‌తో నిజం రాసేదాన్ని. క్యాలెండర్ తెచ్చాను, మీ బల్ల మీద ఉంది. మార్చి నుంచి మే దాకా మూడు కాగితాలు. ఏడు, ఏడు, ఆరు, అయిదు, అయిదు, నాలుగు, మూడు, మూడు, మూడు, రెండు, రెండు. మొదటి రెండు ఏడులూ నిజం. ఆ తర్వాత ఆమె కాగితంలో ఉన్న తొమ్మిది ఏడులూ నా అబద్ధాలు.

తొమ్మిదో గురువారం జరిగింది కూడా చెప్పాలి. ఇది చెబితే ఆమెకి మంచి జరుగుతుందో చెడు జరుగుతుందో నాకు తెలియదు. కానీ దాచి దాచి ఏం చేశానో చూశారుగా, ఇక దాచను. ఆ రోజు రాగానే చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి కట్టేసిన చప్పుడయింది, మనిషి మాత్రం బయటికి రాలేదు. చూస్తే క్యాలెండర్ ముందు నిలబడి ఉంది. వచ్చి కుర్చీలో కూర్చుంది, నన్ను నడిపించింది, పదిహేడు సెకన్లు. తర్వాత అట్ట తీసి అడగాల్సిన మాట అడిగింది. ఏడు అన్నాను. నియమానికి బయట ఒకే ఒక్క మాట అడిగింది.

"ఏడేనా పెద్దమ్మా?"

"ఏడే."

నా మొహంలోకి కాసేపు చూసి ఏడు అని రాసుకుంది. తర్వాత ఏమీ జరగనట్టు డబ్బా విప్పింది. మళ్ళీ వారం వచ్చింది, ఆ తర్వాత వారమూ వచ్చింది. పదకొండు గురువారాలూ వచ్చింది. ఒక్కటి తప్పలేదు.

పదకొండో గురువారం తర్వాత మంగళవారం మధ్యాహ్నం మూడుంపావుకి ఫోన్ వచ్చింది. కంపెనీ తరపున లెక్కలు తనిఖీ చేసేవాణ్ణన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నర్సు ప్రతి వారం వస్తున్నారా అంటే వస్తుందన్నాను. ఎంతసేపు ఉంటారని అడిగాడు. గంటన్నర అంటే ఆమెకి చీవాట్లు పడతాయనుకున్నాను. ఎవరో చూసి చాడీలు చెప్పారేమో, పని మానేసి ముచ్చట్లు పెడుతుందని అనుకుంటున్నారేమో అని నాకు నేనే ఊహించుకున్నాను. "అయిదు నిమిషాలు కూడా ఉండదండీ, అడగాల్సింది అడిగి వెళ్ళిపోతుంది" అన్నాను. అలాగే అంటూ రాసుకున్నాడు. ఫోన్ పెట్టేసి, ఆ పిల్లని కాపాడానని ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదే చేశాను.

ఆ గురువారం సిస్టర్ రాలేదు. పదకొండు నుంచి రెండు దాకా తలుపు తీసే ఉంచాను. మరుసటి గురువారమూ రాలేదు. మాత్రలు అయిపోయాయి, కొత్తవి ఇచ్చేవాళ్ళు లేరు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మూడో గురువారం కూడా చూసి, మొన్న శుక్రవారం రెండు బస్సులు మారి ఆస్పత్రికి వెళ్ళాను. మోకాలు అప్పటికే మళ్ళీ మొదలైంది.

డాక్టరమ్మ తలుపు వేసి, కూర్చోబెట్టి చెప్పారు. సిస్టర్‌ని పనిలోంచి ఆపేశారు. దొంగ లెక్కలు రాసిందని కంపెనీ మీ దగ్గర ఫిర్యాదు ఇచ్చింది. నర్సు లైసెన్సు కూడా రద్దు చెయ్యమని రాశారట. కారణం నా కాగితాలే. నడక ఇరవై తొమ్మిది సెకన్ల నుంచి పదహారుకి వచ్చింది, నొప్పి మాత్రం పదకొండు వారాలూ ఏడు. నొప్పి తగ్గనిదే నడక అంత ఎలా బాగుపడుతుంది? పైగా ఆ పరీక్షలకి ఇరవై అయిదు నిమిషాలు కావాలి, రోగి చూస్తే అయిదు నిమిషాలు కూడా ఉండదంటోంది. అంటే పరీక్షలు చెయ్యకుండా ఇంట్లో కూర్చుని రాసుకుందని తేల్చారు. మీ మాట మీదే కేసు నిలబడింది అన్నారు డాక్టరమ్మ.

మరి సిస్టర్ ఏమందని అడిగాను. విచారణలో ఆమె చెప్పింది ఒక్కటేనట. "నొప్పి ఎంతో చెప్పాల్సింది పెద్దమ్మ. ఆవిడ చెప్పింది రాశాను." రోగి అబద్ధం చెప్పిందా అని మూడుసార్లు అడిగారట. నాకు తెలియదు అందట. ఆమెకి తెలుసు ఆఫీసర్ గారూ. క్యాలెండర్ చూసింది. వెళ్ళి ఆవిడ వంటింటి గోడ చూసుకోండి అని ఒక్క ముక్క అంటే ఆ రోజే బయటపడేది. అనలేదు. నన్ను దొంగని చెయ్యడం ఇష్టం లేక తను దొంగయి కూర్చుంది. నేనేం చేశాను? ఆమెని నా గదికి రప్పించుకోవడానికి ఆమె పని మీద దెబ్బ కొట్టాను. సొంత కూతురు ఉంటే అలా చేసేదాన్నా అని మూడు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఇంకొకటి కూడా డాక్టరమ్మే చెప్పారు. ఫిర్యాదు వచ్చింది కాబట్టి నా ఒక్కదాని సీలు తెరిచారట. నాకు వచ్చింది ఉత్తుత్తి మాత్ర కాదు, అసలు మందే. కొత్త మందుకి రంగూ లేదు, రుచీ లేదు. నా డేగ కన్ను మొత్తంగా తప్పింది. మందు పని చేసింది. పని చెయ్యలేదని నేను తొమ్మిది వారాలు సాక్ష్యం చెప్పాను. నాలాంటి మోకాళ్ళు ఎన్ని ఆ మందు కోసం చూస్తున్నాయో ఏమో.

అది విని సంతోషించాలి కదా. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల వచ్చి కూర్చుంటోంది కాబట్టే నొప్పి తగ్గిందని నేను నమ్మాను. మనిషి అడుగు పడితే మోకాలు కూడా మెత్తబడుతుందనుకున్నాను. తీరా చూస్తే రక్తంలో తిరిగే మందు తన పని తను చేసుకుపోయింది. అయినా నేను నమ్మిందంతా అబద్ధమని ఇప్పటికీ అనలేను. వచ్చేవాళ్ళు లేని ఇంట్లో ఆమె ఉన్న గంటకి ఏదో తగ్గేది. అది మోకాల్లోది కాదు, ఆ అట్ట మీద దానికి అంకె లేదు. అంతకంటే చెప్పడం నాకు రాదు.

మీరు అడిగినవాటికి జవాబులు. ఈ మాటలు చెప్పమని సిస్టర్ నన్ను అడగలేదు. ఆ పదకొండో గురువారం నుంచి ఆమె గొంతు కూడా నేను వినలేదు. డాక్టరమ్మ కూడా చెప్పమనలేదు, ఆలోచించుకోండి అన్నారంతే. అబద్ధపు సమాచారం ఇచ్చినందుకు నా మీద కూడా కేసు పెట్టొచ్చని మీరు చెప్పారు. పెట్టండి. ఆమె పేరు కొట్టేసి ఆ చోట నా పేరు రాసుకోండి, పేరు మీ దగ్గర ఉంది కదా.

కేసు తేలేదాకా నేను ఆమెని కలవకూడదు, ఫోన్ చెయ్యకూడదు, ఎవరిచేతా కబురు పంపకూడదు అని మీరు చెప్పారు. సాక్షి వెళ్ళి కలిస్తే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు, అప్పుడు నేను చెప్పిన నిజం కూడా ఆమెకి పనికిరాదు అన్నారు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. రెండేళ్ళు, మూడేళ్ళు, చెప్పలేమన్నారు. నా వయసు మీరు మొదట్లోనే రాశారు. రైటర్ గారు నీళ్ళు ఇచ్చారు, తాగాను. కలవను. ఫోన్ చెయ్యను. ఆమె వచ్చి తలుపు తట్టినా తియ్యను. రాయండి, ఒప్పుకుంటున్నాను.

కోర్టు కాగితం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేకపోతే ఎవరికివ్వాలో పేరు చెప్పమన్నారు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఏ వారం, ఏ వేళ పంపినా ఫరవాలేదు. నేను ఇంట్లోనే ఉంటాను.

పైన ఉన్నదంతా నా నోటి మాట. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. రైటర్ గారు మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఒకచోట "నర్సు తరచుగా వచ్చేది" అని రాశారు, అది కొట్టించి "ప్రతి గురువారం వచ్చింది" అని రాయించాను. ఇందులో ఇప్పుడు అబద్ధం ఒక్కటీ లేదని తెలిసి, నా చేత్తో నేను సంతకం చేస్తున్నాను.

(సంతకం)
సోమవారం, మధ్యాహ్నం ఒకటీ నలభై